హన్మకొండలో పాత ఇల్లు అమ్ముతున్నం, చూడ్డానికి వచ్చేలోపు ఏం చేయించాలె?

హన్మకొండ_పోరడు: నమస్తే. నయీంనగర్ దిక్కు మా ఇల్లు, 200 గజాలు, గ్రౌండ్ ఫ్లోరే. అమ్మానాన్న నా దగ్గరికి హైదరాబాద్ వచ్చిండ్రు. కిరాయిదారులు ఎండాకాలంలనే ఖాళీ చేసిండ్రు, అప్పట్నుంచి తాళమే. దసరా అయినంక చూపిద్దామనుకుంటున్న. మొత్తం రంగులు వేయించాల్నా? ఫాల్స్ సీలింగ్ కొట్టిస్తే రేటు పెరుగుతదని ఒకాయన అంటుండు.

కాజీపేట్_జంక్షన్: ఫాల్స్ సీలింగ్ జోలికి పోకు తమ్మీ. పాత ఇల్లు కొనేటోళ్లు గజాల లెక్కనే మాట్లాడుతరు, దానికి రూపాయి కలపరు. గేటు, ముందు గోడ, వంటిల్లు రంగేయిస్తే చాలు. సంపు, ట్యాంకు కడిగించి బోరు మోటరు వేసి నీళ్లు చూపించు. కరెంటు బిల్లు బాకీ పెట్టకు. ఫ్యాన్ తిరగని ఇంట్ల ఎవరూ ఎక్కువసేపు నిలబడరు.

రామప్ప_అక్క: తాళమేసిన ఇల్లంటున్నవ్ కదా, ముందు బాత్రూం సంగతి చూడు. నీళ్లు వాడకపోతే జాలీ కింద ట్రాపుల (వాసన రాకుండ నీళ్లు నిలిచే వంపు) నీళ్లు ఎండిపోయి మోరి వాసన తిన్నగా పైకొస్తది. ఫినాయిల్ పోసినా పోదు. ముందురోజు ప్రతి జాలీల చెంబెడు నీళ్లు పొయ్యి, కమోడ్ ఫ్లష్ కొట్టు, కిటికీలు తెరిచిపెట్టు. మా ఆడబిడ్డ ఇల్లు చూడ్డానికి వచ్చినామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని గుమ్మంల నుంచే తిరిగిపోయింది! ఇంక మిద్దె మీద కోతులు చేసిన ఆగం గూడా ఊడిపించు.

హన్మకొండ_పోరడు: థాంక్స్ అక్కా. హాల్ల ఒక గోడకు చెమ్మ మచ్చ ఉంది. పుట్టీ పెట్టి రంగేస్తే కనపడదంటున్నడు పెయింటర్.

చౌరస్తా_భాయ్: వేసెయ్ భయ్యా. మచ్చ చూస్తే బేరం లక్షల్ల దింపుతరు.

దస్తావేజు_సార్: నేను ఒప్పుకోను. నాలుగు గోడలు పాతబడి ఒక్కటే తళతళలాడుతుంటే ఎవరైనా దాన్నే తట్టి చూస్తారు. పైగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం మీకు తెలిసి ఉంటే చెప్పాల్సిన బాధ్యత మీదే. నీళ్లు పైనుంచి దిగుతున్నాయా, పైపు లీకా అన్నది ముందు తేల్చుకోండి. కారణం ఆపాక గోడ ఆరనిచ్చి అప్పుడు రంగు వేయించండి. ఆ బిల్లు చూపిస్తే బేరంలో మీకే పనికొస్తుంది.

కాగితాలు కూడా ఇంటితోపాటే సర్దుకోండి: లింకు డాక్యుమెంట్లు (మీకంటే ముందు యజమానుల పాత దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే సర్టిఫికెట్), కట్టడానికి తీసుకున్న పర్మిషన్, ఇంటి పన్ను రశీదు. పన్ను ఎవరి పేరున వస్తోందో చూడండి. జిరాక్సులే చూపించండి, ఒరిజినల్స్ చేతికివ్వొద్దు.

కాజీపేట్_జంక్షన్: సార్ చెప్పింది కరెక్ట్. నయీంనగర్ అంటే ఇంకోటి కచ్చితంగా అడుగుతరు: 2020 ఆగస్టు వానలకు ఇంట్లకు నీళ్లొచ్చినయా అని. 2023 జులై గూడా అడుగుతరు.

హన్మకొండ_పోరడు: 2020ల వాకిలి దాటి హాల్లకు వచ్చినయ్ అన్నా. 2023ల గేటు కాడనే ఆగినయ్.

కాజీపేట్_జంక్షన్: గట్లనే చెప్పు. నువ్వు దాచినా పక్కింటోళ్లు చెప్తరు. వచ్చినోళ్లు బయటికి పోంగనే ముందు వాళ్లనే అడుగుతరు.

రామప్ప_అక్క: పొద్దున పది గంటలకు రమ్మను, తూర్పు కిటికీల నుంచి వెలుగు బాగుంటది. దేవుని అర్రల పటాలు తీసినా దీపం పెట్టిపో. మూఢం ఉందా లేదా పంచాంగంల చూసుకో, మూఢంల బయానా ఇయ్యమంటే వెనకాడుతరు.