మెనోర్కాలో పొలం మధ్య హోటల్లో వారం: విశ్రాంతా, దండగా?

కృష్ణాకెనాల్:
జూన్‌లో విజయవాడ నుంచి అమ్మానాన్న వస్తున్నారు. మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. వాళ్ళతో కలిసి వారం రోజులు మెనోర్కా వెళ్దామంటుంది మా ఆవిడ. మల్లోర్కా పక్కనుండే చిన్న ద్వీపం, స్పెయిన్‌దే. తను చూసింది బీచ్ రిసార్ట్ కాదు. ఫెరేరియస్ ఊరి దగ్గర పాత రైతు ఇంటిని హోటల్ చేశారు, ఆగ్రోటూరిస్మో అంటారట. మా బావమరిదేమో "షెంగెన్ వీసా చేతిలో పెట్టుకుని ఆవుల మధ్య కూర్చుంటారా? అదే వారంలో పారిస్, రోమ్, బార్సిలోనా చుట్టేయొచ్చు" అంటున్నాడు. ఇంట్లో ఓట్లు చెరిసగం పడ్డాయి. మీరేమంటారు?

చార్మినార్‌చాయ్:
దండగే అన్నా. మనిషికి 90 యూరోల ఫీజు, మీదికెల్లి వీసా సెంటరోళ్ళ చార్జీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వేలిముద్రలు. గింత తిప్పలు పడి పోయి గోడ పొంటి కుర్చీ ఏసుకొని కూసుంటరా? పెద్దోళ్ళు యూరప్‌కు మళ్ళ మళ్ళ వస్తరా? బార్సిలోనాల సగ్రాద ఫమీలియా చర్చి ఉంది, రోమ్‌ల కొలోసియం ఉంది. మెనోర్కాల ఏముంది? ఆవులు మా సిద్దిపేట దిక్కు గూడ ఉన్నయ్.

శ్రావ్యం:
ఏముందంటే, మూడు వేల ఏళ్ళ నాటి రాతి కట్టడాలున్నాయండీ. 2023లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. పడమటి కొసన ఉన్న సియుటడెల్లా ఊరికి వెళ్ళే దారిలో నవేతా దెస్ తుదోన్స్ అని ఒక సమాధి గది ఉంది, సున్నం అడుసూ లేకుండా రాళ్ళు పేర్చి కట్టారు, తిరగేసిన పడవలా ఉంటుంది.

కానీ వాటికోసమే వెళ్ళమని నేను చెప్పను. మేము దిగిన చోట నన్ను ముందు ఆపింది గేటు. అడవి ఆలివ్ కొమ్మల్ని వాటి వంపు వాటికి ఉంచేసి, చీల్చి, మేకులు కొట్టి చేసింది. ద్వీపమంతా అవే గేట్లు. పొలాల నడుమ రాతిగోడలు, గోడలోంచే కొన్ని రాళ్ళు బయటికి పొడుచుకొచ్చి మెట్లుగా ఉంటాయి, మనిషి ఎక్కి దాటొచ్చు, గొడ్డు దాటలేదు. పొద్దున కాఫీ ఇస్తూ ఇంటావిడ మాట్లాడేది గాలి గురించి. ఉత్తరం నుంచి త్రమొంతానా గాలి కొడుతుంటే దక్షిణాన కాలా గల్దానా బీచ్ వైపు వెళ్ళమంటుంది, దక్షిణపు గాలైతే ఉత్తరాన కవాయెరియాకి. ఆ రోజుకి ప్లానింగ్ అంతే. మావో నుంచి సియుటడెల్లాకి, అంటే ఈ కొస నుంచి ఆ కొసకి, 45 కిలోమీటర్లు. కారులో గంటలోపు.

ఏడు రోజుల్లో మూడు దేశాలంటే పెద్దవాళ్ళకి గుర్తుండేది ఎయిర్‌పోర్టు క్యూలే.

పప్పుచారు:
నాది తిండి గోల. అమ్మానాన్న శాకాహారులైతే ఎన్సైమాద జోలికి పోనివ్వకండి. చుట్టలా ఉండే మెత్తటి రొట్టె, పైన పంచదార పొడి చల్లి అమాయకంగా కనిపిస్తుంది, లోపల పంది కొవ్వు. ప్రతి హోటల్ టిఫిన్ బల్ల మీదా ఉంటుంది. ఒలియాయిగువా అడగండి. ఉల్లి, కాప్సికం, వెల్లుల్లి, టమాటా ఆలివ్ నూనెలో మగ్గబెట్టి నీళ్ళు పోస్తారు, మరుగు రాకుండా దించేస్తారు. పల్చటి రొట్టె ముక్కల మీద పోసుకుని అంజూర పళ్ళు నంజుకోవాలి. "కాగకముందే దించేశారేంటి" అని మా అమ్మ సణిగింది, సణుగుతూనే మళ్ళీ పోయించుకుంది. మావో జున్ను కూడా బాగుంటుంది. గుడ్డలో వేసి మూలలు ముడేసి నొక్కుతారు కాబట్టి నలుచదరంగా వస్తుంది. ఆవకాయ సీసా మాత్రం మరవొద్దు, అయిదో రోజుకి పనికొస్తుంది.

ఎర్రనేల:
అందరూ మనకేం దొరుకుతుందనే మాట్లాడుతున్నారు. ఆ ఇంట్లో ఇదివరకు ఎవరుండేవారో ఎవరూ అడగలేదు. భూస్వామి పట్నంలో ఉండేవాడు, పొలంలో రైతు కుటుంబం. పంటా పాడీ చెరిసగం, మన దగ్గర సగపాలు అనేదే. పాడి గిట్టుబాటు కాక చాలామంది వదిలేశారు. ఫ్రాన్స్ నుంచీ ఇంకెక్కడెక్కడి నుంచో డబ్బున్నవాళ్ళు కొని, వెల్ల వేయించి, ఆగస్టులో రాత్రికి వందల యూరోలకి గది ఇస్తున్నారు. నవంబరు నుంచి ఈస్టర్ దాకా చాలావాటికి తాళమే. వాటిలో పనిచేసే కుర్రాడికి వేసవిలో అద్దె ఇల్లు దొరకదు. మనకి ప్రశాంతంగా కనబడేది అక్కడివాళ్ళకి ఖాళీ అయిపోయిన ఊరు.

ఇంకొకటి. కామి దె కవాల్స్ అని ద్వీపం చుట్టూ 185 కిలోమీటర్ల బాట ఉంది, పూర్వం తీరం కాపలాకి గుర్రాల మీద తిరిగిన దారి. దాన్ని చాలాచోట్ల ఎస్టేట్లవాళ్ళే గేట్లు పెట్టి మూసేశారు. జనం ఏళ్ళ తరబడి గొడవ చేస్తే 2000లో చట్టం వచ్చింది, 2010లో గానీ బాట మొత్తం తెరుచుకోలేదు. ఇవాళ ఆ బాట పేరు చెప్పే హోటళ్ళు గదులమ్ముకుంటున్నాయి.

శ్రావ్యం:
ఎర్రనేల గారూ, బాట గురించి మీరన్నది నిజమే. కానీ ఆగ్రోటూరిస్మో బోర్డు ఎవరు పడితే వాళ్ళు పెట్టలేరు. మెనోర్కా, మల్లోర్కా ఉన్న బలేరిక్ ద్వీపాల చట్టం ప్రకారం ఇల్లు 1960కి ముందు కట్టిందై ఉండాలి, చుట్టూ వ్యవసాయ భూమి ఉండాలి. ఇవి వద్దంటే మిగిలేది తీరం వెంబడి అపార్ట్‌మెంట్లే. మల్లోర్కాలో ఏమైందో చూశాం కదా. మెనోర్కా 1993లో బయోస్ఫియర్ రిజర్వ్, అంటే యునెస్కో గుర్తించిన ప్రకృతి రక్షణ ప్రాంతం, అయింది కాబట్టే ఇంకా ఇలా ఉంది. కప్పు కూలిన ఇంటి కంటే మనుషులు మసిలే ఇల్లు నయం కాదా?

ఎర్రనేల:
నయమే. ఎవరు మసులుతున్నారన్నదే నా ప్రశ్న. పొలం కాగితం మీద ఎంత సాగవుతోంది, నేల మీద ఎంత సాగవుతోంది? బుక్ చేసేముందు ఒక్క మెయిల్ పెట్టండి: మీ జున్ను ఎవరి పాలతో, మీ ఆవులు ఎవరివి అని. జవాబు తీరులోనే తెలిసిపోతుంది.

చార్మినార్‌చాయ్:
శ్రావ్యం మేడమ్, ఇన్‌స్టాల కనబడే తెల్ల ఊరు, బినిబెకా, అదన్న జూపియ్యాలె కదా. అది జెప్తలేరేంది?

శ్రావ్యం:
అది పాత జాలరి పల్లె అనుకుంటారు అందరూ, 1972లో కట్టిన విడిది ఇళ్ళ సముదాయం అది. ఇప్పటికీ ప్రైవేటు ఆస్తే. జనం మెట్లెక్కి, బాల్కనీల్లో దూరి ఫోటోలు దిగుతుంటే 2024లో సందర్శకుల వేళలు ఉదయం 11 నుంచి రాత్రి 8 అని పెట్టారు. పూర్తిగా మూసేద్దామా అని ఓటింగ్ దాకా వెళ్ళింది. నేనైతే వెళ్ళను.

కృష్ణాకెనాల్:
అందరికీ థాంక్స్. ఫోన్ చేస్తే ఇంకో సంగతి బయటపడింది: మేము చూసిన హోటల్ పెద్దలకు మాత్రమేనట! మా పాపకి ఆరేళ్ళు. ఇలాంటివి చాలా ఉన్నాయా?

పప్పుచారు:
బోలెడు. ప్రశాంతత అని రాశారంటే సగం సార్లు అర్థం అదే. బుక్ చేసేముందు వయసు రూలు చూడండి. నాన్నగారి మోకాళ్ళ సంగతీ చూసుకోండి, ఆ పాత ఇళ్ళలో మంచి గదులన్నీ మేడ మీదే, లిఫ్టు చాలాచోట్ల ఉండదు. అమ్మానాన్నల షెంగెన్ వీసా హైదరాబాద్‌లోనే వేయించండి, యూకేకి విజిటర్‌గా వచ్చాక ఇక్కడ వేయడం దాదాపు కుదరదు.

చార్మినార్‌చాయ్:
నా మాట గూడ కొంచెం ఇనుర్రి. పోవుడు గ్యారంటీ అయితే బార్సిలోనాల రెండు రాత్రులు పెట్టుర్రి. వీసా ఎట్లయిన స్పెయిన్‌దే, ఆడికెల్లి మెనోర్కాకు ఫ్లైటు గంట గూడ పట్టది. పెద్దాయన సగ్రాద ఫమీలియా చూస్తడు, తర్వాత మీరు గోడలు చూసుకోర్రి.

ఎర్రనేల:
దానికి నేనూ ఒప్పుకుంటా. అయితే జూన్ 23, 24 తేదీల్లో సియుటడెల్లాలో సాన్ జువాన్ గుర్రాల పండగ, ఊరు జనంతో కిక్కిరిసిపోతుంది. పెద్దవాళ్ళతో, చిన్నపిల్లతో ఆ గుర్రాల మధ్యకి వద్దు. ఆ తేదీలకి ముందే వెళ్ళొచ్చేయండి. హోటల్ జవాబిచ్చాక, ఆవులు ఎవరివన్నారో ఇక్కడ రాయండి.