లెంట్‌లో పాటలు పెట్టుకుంటే ప్రార్థన కాస్తా వినడం అయిపోతోంది, మీకూ ఇంతేనా?

వేకువజాము

ఈ లెంట్‌లో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస కాలంలో, రోజూ పొద్దున్నే అరగంట ప్రార్థనలో కూర్చోవాలనుకున్నాను. ఉత్తినే కూర్చుంటే ఆఫీసు పనులన్నీ బుర్రలోకి వచ్చేస్తున్నాయని పాటలు పెట్టుకోవడం మొదలుపెట్టా. రెండో వారానికే తేడా కొట్టింది. రాగం బావుంది, గొంతు బావుంది, కళ్లలో నీళ్లు కూడా వస్తున్నాయి, కానీ లేచాక దేవుడితో ఏం మాట్లాడానా అని చూసుకుంటే ఏమీ లేదు. ఆ కన్నీళ్లు నా పాపానికి వచ్చాయా, వయొలిన్‌కి వచ్చాయా? పైగా ఒక పాట అవగానే ఫోన్ తనంతట తనే ఇంకేదో పెట్టేస్తుంది, దాన్ని మార్చడానికి లేస్తా, ఇంక అంతే సంగతులు. వాడాలా, మానేయాలా? మీరంతా ఈస్టర్ దాకా ఎలా నడిపిస్తున్నారు?

ఆల్టో గొంతు

మానేయకండి, తగ్గించండి. నేను క్వయర్‌లో పాడతాను, మాకు ఈ రోగం ఇంకా ఎక్కువ, ధ్యాసంతా శ్రుతి మీదే. నేనైతే వారానికి ఒక్కటే పాట పెట్టుకుంటా. ముందు రాగం లేకుండా మాటలు మెల్లగా చదువుతా, తర్వాత ఒక్కసారి వింటా, ఆపేసి, ఏ మాట దగ్గర మనసు ఆగిందో అక్కడి నుంచి దేవుడితో మాట్లాడతా. బైబిల్లోని 51వ కీర్తనతో మొదలుపెట్టి చూడండి: "దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము". 1630లలో అల్లెగ్రి అనే ఇటలీ స్వరకర్త దీన్నే వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో పవిత్ర వారం (ఈస్టర్‌కి ముందు వారం) ఆరాధన కోసం లాటిన్‌లో స్వరపరిచాడు. పద్నాలుగేళ్ల మోజార్ట్ 1770లో విని, గుర్తుపెట్టుకుని రాసేశాడంటారే, అది ఇదే. అందులో క్వయర్ పాడే చరణాల మధ్య ఏ హంగూ లేని సాదా చరణాలు వస్తుంటాయి. మొదట్లో అవి బోర్ కొడతాయి. నాకు మాత్రం ప్రార్థన కుదిరేది వాటి దగ్గరే.

మౌనమే మేలు

నేను ఒప్పుకోను, మానేస్తేనే మంచిది. లెంట్ అంటే ఉపవాసం కదండీ, చెవికి మాత్రం మినహాయింపు ఎందుకు? రోమన్ కాథలిక్ ఆరాధనలో ఈ రోజుల్లో అల్లెలూయ అనే మాటే పలకరు, కొన్ని పండుగ రోజుల్లో తప్ప గ్లోరియా అనే స్తుతి గీతం ఉండదు, ఆర్గన్ కూడా మామూలుగా పాటకు ఆసరాగానే వాయించాలి, విడిగా వాయించకూడదు. ఇన్ని వారాలు నోట రాని మాట ఈస్టర్ జాగరణ రాత్రి పాడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. రోజూ వినేవాళ్లకి అది ఇంకో పాట, అంతే. అంతగా పాట కావాలంటే మీరే పాడండి, గొంతు బాగోకపోయినా పర్లేదు. అప్పుడు ఫోన్‌తో పని లేదు.

పాత క్యాసెట్టు

ఇద్దరి మాటా నిజమే గానీ, కొన్ని రచనలు వినేవాణ్ణి ఊరికే కూర్చోనివ్వవు. మత్తయి సువార్త 26, 27 అధ్యాయాల మీద జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన, యేసు శ్రమల సంగీతం ఉంది, 1727 గుడ్ ఫ్రైడే నాడు లైప్‌జిగ్‌లో మొదటిసారి పాడారని పరిశోధకుల అభిప్రాయం. మొత్తం రెండున్నర గంటల పైమాటే, ప్రార్థనకు అంతా పెట్టుకుంటే నిద్రొస్తుంది, నాకొచ్చింది. ఒక్క చోటు వినండి. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని యేసు అనగానే శిష్యులు "ప్రభువా, నేనా?" అని కంగారుగా అడుగుతారు, ఆ ప్రశ్న పదకొండు సార్లు వినిపిస్తుంది, అంటే యూదా తప్ప అందరూ అడిగారన్నమాట. వెంటనే సంఘమంతా పాడే కీర్తన మొదలవుతుంది, దాని మొదటి మాటే "నేనే". శిష్యులు అడిగిన ప్రశ్నకు జవాబు మనం చెబుతున్నాం. నేను రెండు నిమిషాలు కూడా లేని ఆ ముక్కతో ఒక గుడ్ ఫ్రైడే పొద్దునంతా గడిపాను. భాష జర్మన్, అందుకే అర్థం ముందే చదువుకోవాలి, ఆల్టో గొంతు గారు చెప్పినట్టు.

వేకువజాము

"నేనే" అన్న చోట ఆగిపోయాను. మరి ఈస్టర్ తర్వాత సంగతేంటి? పోయిన ఏడాది ఆదివారం సాయంత్రానికే అంతా ఖాళీ అయిపోయింది.

ఆల్టో గొంతు

అందరం అక్కడే ఆపేస్తాం! లెంట్ నలభై రోజులైతే ఈస్టర్ కాలం పెంతెకొస్తు దాకా యాభై రోజులు. హాండెల్ అనే స్వరకర్త క్రీస్తు మీద రాసిన మెస్సయా అనే సంగీత రచనని క్రిస్మస్‌కి పెట్టేస్తారు గానీ, 1742లో డబ్లిన్‌లో దాని మొదటి ప్రదర్శన జరిగింది ఏప్రిల్‌లో. రెండో భాగం సిలువ శ్రమలతో మొదలై హల్లెలూయ కోరస్‌తో ముగుస్తుంది. ఈస్టర్ సోమవారం నుంచి మూడో భాగం పట్టుకోండి. బైబిల్లోని యోబు మాటతో మొదలవుతుంది, నా విమోచకుడు సజీవుడని. అరుపులేవీ లేకుండా ఒక్క గొంతు నెమ్మదిగా పాడుతుంది.

వేకువజాము

సరే. ఈ వారం 51వ కీర్తన ఒక్కటే. శుక్రవారాలు అసలు ఏ పాటా లేకుండా, మౌనమే మేలు గారి మాట మీద. ఫోన్‌లో ఆటోప్లే ఇప్పుడే ఆపేశా, ఇన్నాళ్లూ ఆ పని ఎందుకు చేయలేదో నాకే తెలీదు.