అప్‌డేట్: లగేజీ టగ్ టెన్షన్ గురించి అడిగింది నేనే

రద్దీ ఎయిర్‌పోర్టులో టగ్ (లగేజీ బళ్ళను లాగే చిన్న ట్రాక్టర్ లాంటిది) నడుపుతున్నానని, వరసగా విమానాలు దిగితే డాలీలు (టగ్ వెనక తగిలించే లగేజీ బళ్ళు) దొరక్క పరుగులు పెట్టాల్సి వస్తోందని, ఒకసారి బెల్ట్ లోడర్‌ను (విమానంలోకి లగేజీ ఎక్కించే, దించే బెల్టు బండి) విమానానికి జానెడు దూరంలో ఆపానని చెప్పి సలహా అడిగాను కదా. సెలవుకి అనంతపురం వచ్చాను, తీరిగ్గా రాస్తున్నా.

ఒక అన్న గుర్తుచేసిన బ్రేక్ చెక్ బాగా పనికొచ్చింది. స్టాండ్ (విమానం ఆగే చోటు) చుట్టూ ఉండే ఎర్ర గీత బయటే బండి పూర్తిగా ఆపి, బ్రేక్ పట్టిందని చూసుకుని, తర్వాతే నడక వేగంతో లోపలికి. ఇంజిన్లు ఆగి, విమానం మీది ఎర్ర బీకన్ లైటు ఆరి, చక్రాలకు చాక్స్ (కదలకుండా అడ్డుపెట్టే దిమ్మలు) పెట్టేదాకా గీత దాటను. ట్రైనింగులో చెప్పిందే ఇదంతా. నేనే పరీక్షకి బట్టీ పట్టి వదిలేశాను.

ఊళ్ళో వేరుశనగ మూటల ట్రాక్టర్ తోలినవాణ్ణి, డాలీలు ఒక లెక్కా అనుకున్నా. ట్రాక్టరుకి ఒకటే ట్రాలీ. ఇక్కడ నాలుగు డాలీలు తగిలిస్తే మలుపులో చివరిది లోపలికి కోసుకుంటూ వస్తుంది. వేగంగా తిప్పితే సూట్‌కేసు జారిపడుతుంది, ఊడిన చక్రమో పట్టీయో ఇంజిన్ లాగేసుకుంటే ఇంకేముంది!

డాలీల కొరత సంగతి మాత్రం నవ్వొచ్చేది. ఎవరికి వాళ్ళు ఖాళీవి తమ స్టాండ్ దగ్గర దాచుకుంటున్నారు, నాతో సహా. సూపర్‌వైజర్‌తో మాట్లాడితే, దించగానే అన్నీ ఒకే చోటికి చేర్చాలని పెట్టాడు. పరుగులు చాలావరకు తగ్గాయి.

రాత్రి వానలో గీతలు సరిగా కనబడవు. దానికి మీరేం చేస్తున్నారు?