షాపుకి వచ్చే వికలాంగులకు ఎలా సాయపడాలి? తెలిసినవారు చెప్పండి

ప్రశ్న: ఈమధ్యే ఒక పెద్ద స్టోర్‌లో సేల్స్‌లో చేరాను. చూపు లేనివారు, వీల్‌చైర్‌లో వచ్చేవారు, వినికిడి సమస్య ఉన్నవారు వస్తుంటారు. సాయం చేయాలనే ఉంటుంది గానీ చేయి పట్టుకోవచ్చా, అడిగితే ఏమనుకుంటారో అని ఒకటే టెన్షన్. ట్రైనింగ్‌లో దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

జవాబు: నాకు చూపు లేదు, నా సామాన్లు నేనే కొనుక్కుంటాను, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. "నమస్తే అండీ, నేనిక్కడ పనిచేస్తాను, ఏమైనా సాయం కావాలా" అని అడగండి చాలు. వద్దంటే వదిలేయండి. కావాలంటే మాత్రం చేయి పట్టుకుని లాక్కెళ్లకండి, మీ మోచేయి నాకు అందించండి, నేను దాన్ని పట్టుకుని అర అడుగు వెనక నడుస్తాను, మీరు తిరిగినా ఆగినా మెట్టు దిగినా ఆ కదలికతోనే నాకు తెలిసిపోతుంది. తెల్లకర్ర ముట్టుకోవద్దు.

"అదిగో, అక్కడుంది" అంటే నాకు ఉపయోగం లేదు. "మీ కుడిపక్క, నడుమెత్తు అరలో" అనండి. వస్తువు చేతికిచ్చి ధర, బరువు, ఎక్స్‌పైరీ తేదీ చదవండి, అందులోనే ఇంకే రకాలున్నాయో కూడా చెప్పండి. చాలామంది మంచి మనసుతోనే తమకు నచ్చింది తీసి బుట్టలో వేసేస్తారు, కానీ ఏది కొనాలో తేల్చుకోవాల్సింది నేను కదా. చొక్కా అయితే "మీకు బాగుంటుంది సార్" అంటే సరిపోదు. ముదురు నీలమా లేతదా, గీతలున్నాయా, జేబుందా, అవి కావాలి. పక్కకెళ్లేటప్పుడు చెప్పి వెళ్లండి, లేకపోతే మీరున్నారనుకుని మాట్లాడుతూనే ఉంటాను.

ఇంకొకరు: నేను వీల్‌చైర్ వాడతాను. పక్కనున్న మా తమ్ముణ్ని "ఈవిడకేం కావాలి" అని అడుగుతారు, ఎంత కష్టంగా ఉంటుందో చెప్పలేను. నన్నే అడగండి. అడక్కుండా కుర్చీ తోయొద్దు. నాకు సుమారు 90 సెంటీమీటర్ల దారి ఉండాలి, నడవలో ఆఫర్ స్టాండో అట్టపెట్టెలో పెట్టారంటే ఆ వరసలోకి నేను రాలేను. రోజూ పొద్దున ఒకసారి చూసి తీసేయించండి, మీరు చేయగల పెద్ద సాయం అదే.

మరొకరు: వినపడనివారితో అయితే ఎదురుగా నిలబడి మామూలుగా మాట్లాడండి. అరిస్తే పెదాల కదలిక మారిపోయి ఇంకా అర్థం కాదు. ఫోన్‌లో టైప్ చేసి చూపించినా సరే, "ఏం లేదులెండి" అని మాత్రం తేల్చేయొద్దు.

ప్రశ్న అడిగినవారు: అందరికీ థ్యాంక్సండీ. చూపు లేనివారు టచ్‌స్క్రీన్ కార్డ్ మెషిన్‌లో పిన్ కొట్టలేకపోతే నేను కొట్టొచ్చా?

జవాబు: వద్దు, పిన్ చెప్పమని అడగనూ వద్దు. బటన్లున్న మెషిన్ తెప్పించండి. 5 మీద చిన్న బొడిపె ఉంటుంది, దాన్నిబట్టి మిగతా అంకెలు పోల్చుకుంటాం. బిల్లు ఎంతయిందో ముందే పైకి చదవండి. నగదైతే చిల్లరంతా ఒకేసారి చేతిలో పెట్టకుండా, ఏ నోటు ఎంతో చెబుతూ ఒక్కొక్కటీ ఇవ్వండి, సర్దుకునేదాకా ఒక్క నిమిషం ఆగండి.