అప్‌డేట్: సోల్డరింగ్ పొగ, నా దగ్గు

మొబైల్ రిపేర్ షాపులో సోల్డరింగ్ చేస్తుంటే దగ్గొస్తోంది, అది సోల్డర్ తీగలోని సీసం పొగేనా అని అడిగాను కదా. కాదట. సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ వేడికి సీసం ఆవిరి కాదు. లేచేది ఫ్లక్స్‌లోని (సోల్డర్ బాగా అతుక్కోవడానికి వాడేది) రోజిన్ అనే చెట్టు జిగురు పొగ, ఆస్తమా తెప్పించేది అదే. (సీసం చేతికి అంటుకుని నోట్లోకి పోతుంది, అందుకే టీకి ముందు చేతులు కడుగుతున్నా.)

గాల్లోని పీఎం 2.5 (చాలా సన్నటి కణాలు) కొలిచే మీటరు కొన్నాను. మన దేశంలో వాటికి 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ఫ్లక్స్ కాలగానే రీడింగ్ దాన్ని దాటేసింది! చౌక మీటరు కాబట్టి అంకెను కాదు, పెరగడం తగ్గడమే చూస్తున్నా. సీలింగ్ ఫ్యాన్ పొగను షాపంతా తిప్పింది, అంతే. కార్బన్ ఫిల్టర్‌తో వాసన తగ్గింది, రీడింగ్ తగ్గలేదు. ఐరన్‌కి జానెడు దూరంలో పీల్చే ఫ్యాన్ పెట్టి, గొట్టం బయటికి వదిలాక మీటరు పెద్దగా కదలట్లేదు. దగ్గు కాస్త నయం.