నాన్నకి ఇంట్లో ఆక్సిజన్, ఊళ్లో కరెంటు కోతలు. ఏం చేయాలి?

ప్రశ్న:
మాది మార్కాపురం పక్కన పల్లె. నాన్న ఇరవై ఏళ్లు పలకల రాయి కోశారు. ఇప్పుడు సిలికోసిస్, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బు. రోజుకి 15 గంటలు ఆక్సిజన్ పెట్టమన్నారు, అప్పు చేసి కాన్సంట్రేటర్ కొన్నాం, గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే కరెంటు మిషన్. మొన్న రాత్రి గాలివానకి కరెంటు పోయింది. మిషన్ ఆగిపోయింది. నాన్న మంచం పట్టె గట్టిగా పట్టుకుని ముందుకి వంగి కూర్చున్నారు. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. రెండు గంటలు విసనకర్రతో విసురుతూనే ఉన్నాను. చూపించే డాక్టరేమో ఒంగోలులో. బస్సెక్కించాలంటేనే టెన్షన్. ఎవరైనా దారి చెప్పండి.

జవాబు 1:
అమ్మా, మా ఆయనకి సీఓపీడీ, అదీ ఊపిరితిత్తుల జబ్బే, ఇంట్లో ఆక్సిజనే. ఒక్క మిషన్‌నే నమ్ముకోకండి. నింపిన చిన్న సిలిండర్, రెగ్యులేటర్‌తో సహా మంచం పక్కనే ఉండాలి. ఇన్వర్టర్ కొంటే మిషన్ మీద రాసిన వాట్లు చూపించి, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో అడగండి. మాది 5 లీటర్లది, 300 వాట్ల పైనే లాగుతుంది. పొయ్యి, బీడీ ఆ గదిలోకి రానివ్వొద్దు.

జవాబు 2:
నేను ఏఎన్ఎంని. పెదాలు నీలం తిరిగితే విసురుతూ కూర్చోవద్దు తల్లీ, వెంటనే 108కి ఫోన్ చేయి. ఆయాసం పెరిగిందని మిషన్‌లో ఆక్సిజన్ లీటర్లు మీరే పెంచకండి, కొందరికి అది ప్రమాదం. మామూలు సలహాలకి ఈ-సంజీవని ఉంది, ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ, ఒంగోలు దాకా ప్రతిసారీ పోనక్కర్లేదు. సిలికోసిస్ వాళ్లకి టీబీ తొందరగా పట్టుకుంటుంది. జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే కళ్లె పరీక్ష చేయించు.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, సాయంత్రం పూట జ్వరం వస్తోంది. నీరసం అనుకున్నాం. రేపు పొద్దున్నే పీహెచ్‌సీకి తీసుకెళ్తాను.