విశాఖపట్నం బీచ్ రోడ్డును సముద్రం వైపు వెడల్పు చేయడం సబబేనా?

ఎంవీపీ వాసి: ఆదివారం సాయంత్రం కోస్టల్ బ్యాటరీ నుంచి ఆర్కే బీచ్ దాటేసరికి ఓపిక నశిస్తోంది. హవా మహల్, విశాఖ మ్యూజియం ఉన్న పడమటి వైపు జాగా లేదు కాబట్టి, సముద్రం వైపు మరో వరుస కలపాలని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

పాతపట్నం: మీరు చెప్పిన ఇబ్బంది నిజమే. కానీ తూర్పు వైపు జాగా ఉందనుకోవడం దగ్గరే నా అభ్యంతరం. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డు వెంబడి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకొస్తాయి. 1933లో ఓడరేవు ప్రారంభమయ్యాక, 1976లో ఔటర్ హార్బర్ (బయటి రేవు) వచ్చాక మరింతగా, ఆ ఇసుకకు రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గరే అడ్డుకట్ట పడింది. అక్కడ చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఇటు తెచ్చి పోస్తుంటేనే మన బీచ్ ఈమాత్రమైనా నిలుస్తోంది. అలలు పోటెత్తిన రోజుల తర్వాత వెళ్లి చూడండి: మెట్ల కింద ఇసుక కోసుకుపోయి, పునాది రాళ్లు బయటపడి, కొబ్బరి చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. అటువంటి చోట తారు రోడ్డు వేస్తే దాన్ని కాపాడడానికి గోడ, గోడను కాపాడడానికి బండరాళ్లు అవసరమవుతాయి. చివరకు పిల్లలు ఆడుకోవడానికి ఇసుకే మిగలదు. పైగా 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసురా జలాంతర్గామి, 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం ఆ వైపే ఉన్నాయి. వాటిని ఎక్కడికి జరుపుతారు?

జాలారిపేట: వెడల్పు వద్దనేవారు తరచూ సాయంత్రాలు వాహనాలు పూర్తిగా ఆపేయమంటారు. అది మాకు సమ్మతం కాదండి. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల బుట్టలతో వచ్చే ఆడవాళ్లకు ఈ దారిలో ఆటోయే ఆధారం. మురీ మిక్చర్ బండ్ల వాళ్లను కూడా మొదట వెళ్లగొట్టేది ఇలాంటి నిర్ణయాల పేరుతోనే.

పాతపట్నం: మీ మాట న్యాయమైనది. అందుకే నేను అడిగేది ఆదివారాలు, సెలవు రోజుల సాయంత్రాలు సొంత కార్లను మాత్రమే ఆపమని. బస్సులు, ఆటోలు, అంబులెన్సులు తిరగాలి. బండ్లు ఉన్నచోటే ఉండాలి. రద్దీకి అసలు కారణం రెండు వైపులా నిలిపేసిన కార్లు. ఇక్కడ నేవీ డే విన్యాసాలకు జనం పోటెత్తినప్పుడు కార్లను దూరంగానే నిలిపి, అందరూ నడిచే వస్తున్నారు కదా. సెలవు సాయంత్రాలకూ ఆ పద్ధతే పెట్టమని కోరదాం. సముద్రం వైపు ఒక్క అడుగు కూడా జరగనక్కర్లేదు.